ఎత్తిన తల

నా మొగుడు దేవుడిలాంటి మనిషని ఇలంజిక్కావు చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో నాకు మాటల్లేవు. దారిలో ఎదురైతే చెరో పక్కకి తప్పుకుంటాం. "దాక్షాయణికి ఆ దుఃఖంతో మతి పోయింది" అని వెనక నుంచి అంటారు, నాకు వినపడేట్టే అంటారు. అననీ. ఆ యేడాది పూరాల కాలంలో మా ఇంట్లో ఏం జరిగిందో వాళ్ళకంటే నాకు బాగా తెలుసు.

మావటిని కట్టుకున్న ఆడదానికి మకరం నెల నుంచి మీనం నెల దాకా, సంక్రాంతి మొదలు ఎండలు ముదిరేదాకా, మొగుడుండడు. ఊరూరా గుళ్ళలో పూరాలు, ఏనుగుల ఉత్సవాలు. ఏనుగు ఎక్కడుంటే మావటి అక్కడ. పైగా మా ఆయన వేలాయుధన్ అందరిలాంటి మావటి కాదు, ఆశాన్. గురువుగారన్నమాట. మేలేడత్తు మేనోన్ గారి ఏనుగు రాఘవన్‌కి పెద్ద మావటి. రెండో మావటి నా తమ్ముడు సుధాకరన్, ఇంట్లో సుధన్ అంటాం. వాణ్ణి ఆ పనిలో నేను పెట్టలేదు, వాడే పడ్డాడు. పంచాయతీ ఆఫీసులో ఉద్యోగం వస్తానంటే కాదని, బావ వెనకాల తోకలా తిరిగాడు.

"అక్కా, బావ మాట్లాడతాడే దానితో! అది వింటుందే!" అనేవాడు.

"నాతో ఎప్పుడు మాట్లాడతాడో కూడా అడిగి చెప్పరా" అనేదాన్ని నేను.

మా పూరంలో మా దక్షిణ వాడ ఏనుగూ ఉత్తర వాడ ఏనుగూ గుడి ముందు పక్కపక్కనే నిలబడతాయి. ఏది ఎక్కువ ఎత్తున తల ఎత్తి, దించకుండా నిలబెడుతుందో దాని వీపు మీదికి అమ్మవారి తిడంబు, అంటే ఉత్సవ విగ్రహం, ఎక్కుతుంది. రెండోది ఏడాదంతా తల దించుకునే ఉంటుంది, తన వాడ జనంతో సహా. మిగతా మావటీలు దవడ కింద కర్ర పెట్టి పొడుస్తారు, దంతం పట్టుకుని పైకి గుంజుతారు. అది అందరికీ తెలుసు, ఎవరూ తప్పనుకోరు. మా ఆయన మాత్రం చేతిలో కర్ర తీసి సుధన్ వైపు విసిరేసి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. "ఎత్తు రాఘవా" అనేవాడు. అంతే. అది తల ఎత్తేది. గెలిచాక దగ్గరికెళ్ళి దవడ కింద అరచేత్తో నిమిరేవాడు, అది కళ్ళు మూసుకునేది. ఆ నిమరడం చూడ్డానికే మూడూళ్ళ జనం వచ్చేవాళ్ళు. 'కర్ర పట్టని ఆశాన్' అని పేరు పెట్టారు. ఆ పేరే మా ఇంటికి పట్టిన శని.

ఆ ఏడు ఉత్తర వాడవాళ్ళు బీహారు నుంచి కొత్త ఏనుగును దించారు. కార్తికేయన్. వయసులో ఉంది, మెడ నిటారు, ఎముక బలం చూస్తేనే మన గుండె జారుతుంది. దాని మావటి అంతోణి నోరు దానికంటే పెద్దది. మకరం చివర్లో పక్క ఊరి గుడిలో ఓ చిన్న పూరం జరిగింది. మా ఊరి ఆడవాళ్ళతో కలిసి నేనూ వెళ్ళాను. రెండు ఏనుగులూ నిలబడ్డాయి. మా ఆయన కర్ర విసిరేశాడు, చేతులు కట్టుకున్నాడు.

"ఎత్తు రాఘవా."

రాఘవన్ ఎత్తింది. కాసేపు నిలిచింది. ఆ తర్వాత, ముసలాయన సంచీ కింద పెట్టినట్టు, నెమ్మదిగా తల దించేసింది. ముందు కాలు మార్చి మార్చి నిలబడింది. మా ఆయన మళ్ళీ అన్నాడు, ఈసారి కొంచెం గట్టిగా. అది చెవులు ఊపిందే గాని తల కదపలేదు.

"ఏం ఆశాన్, మీ రాఘవుడికి మెడ పట్టేసిందా?" అని అరిచాడు అంతోణి. "మా ఇంట్లో కాచిన నూనె ఉంది, పంపమంటారా? ఏనుక్కి రాయగా మిగిల్తే మీరూ రాసుకోవచ్చు!"

జనం నవ్వారు. మా వాడవాళ్ళు కూడా కొందరు నవ్వారు. మా ఆయన మొహం చూశాను. చెప్పుతో కొట్టినా అంత దెబ్బ తగలదు.

ఇంటికొచ్చి గంజి ముట్టలేదు. సుధన్ వాకిట్లో గొంతుకూర్చుని మెల్లగా అన్నాడు, "బావా, దానికి వయసు మీద పడుతోంది. ముందు కాలు ఈడుస్తోంది కూడా. ఈ ఒక్క ఏడు..."

"నోర్ముయ్" అన్నాడు ఆయన. "నా దగ్గర నేర్చుకుని నాకే పాఠం చెప్తావురా?"

సుధన్ చెప్పిన మాటే మేనోన్ గారూ చెప్పారు. ఆ మర్నాడు వాళ్ళ వాకిట్లో నేను వడ్లు ఎండబోస్తున్నాను, అంతా విన్నాను.

"వేలాయుధా, ఈ ఏడు దాన్ని పోటీకి నిలబెట్టొద్దులే. ఇన్నేళ్ళు మోసింది చాలు. ఆ కుర్ర ఏనుగునే మొయ్యనీ. మనది పక్కన నిలబడుతుంది, తప్పేముంది?"

"పక్కన నిలబడటానికైతే వేరే మావటిని చూసుకోండి అయ్యగారూ."

మేనోన్ గారు మంచాయనే, కానీ మంచాళ్ళకు గట్టిగా కాదనడం చేతకాదు. "సరే, నీ ఇష్టం" అని లోపలికి పోయారు. ఏనుగు ఆయనది, మాట మా ఆయనది. ఊళ్ళో అట్లాగే నడిచేది.

ఎగదోయడానికి ఇంకొకాయన ఉండనే ఉన్నాడు. గుడి కమిటీ అధ్యక్షుడు పద్మనాభన్ నాయర్. మీసాలూ, మెళ్ళో జరీ కండువా, ఎవరి చావు చెప్పినా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుని తర్వాత ఎవరు చచ్చారని అడిగే మనిషి. మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఊరించాడు.

"ఆశాన్, ఈ ఏడు కూడా రాఘవనే తిడంబు మోస్తే నీ చేతికి వీరశృంఖల తొడిగిస్తాను. కమిటీ చేత ఒప్పించే పూచీ నాది."

వీరశృంఖల అంటే బంగారు కంకణం. చెండ డోలు వాయించే మహామహులకు, కథకళి ఆడేవాళ్ళకు తొడుగుతారు. ఏనుగు పేడ ఎత్తేవాడి చేతికి మా వైపు ఎవరూ తొడగలేదు. మా మామగారు కూడా మావటిగానే పోయాడు. పెద్దింటి వాకిట్లో నలుగురితో కలిసి ఆకు ముందు కూర్చోకుండానే పోయాడు. అందుకని నాయర్ ఆ మాట అనగానే మా ఆయన కళ్ళు ఎందుకు మెరిశాయో నాకు అర్థమైంది. అర్థమైనా ఒళ్ళు మండింది.

"కంకణం పెట్టుకుని పేడ ఎత్తుతారా?" అన్నాను నాయర్ వెళ్ళాక.

"నీకు తెలీదే దాక్షాయణీ. ఆ చెయ్యి ఎత్తితే ఊరు లేచి నిలబడాలి."

"ఊరు లేస్తుంది. ఏనుగు లేవాలిగా ముందు."

నావైపు చూసిన చూపు కొట్టినంత పని చేసింది. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. ఉన్న కాసిని మాటలూ గిన్నెలు విసిరినట్టే ఉండేవి.

కుంభం నెలలో రోజూ పొద్దున ఏట్లో ఏనుక్కి స్నానం. నేను గంజీ పచ్చడీ పట్టుకెళ్ళేదాన్ని. రాఘవన్ నీళ్ళలో పక్కకి ఒరిగి పడుకుంటే సుధన్ కొబ్బరి డొక్కతో రుద్దుతూ ఉండేవాడు. దానికి ఆ సుఖం ఎంతంటే, తొండం చివర మాత్రం నీళ్ళ పైకి పెట్టి నిద్రపోయేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి సుధన్ రుద్దడం మానేసి నడుముల్లోతు నీళ్ళలో ఊరికే నిలబడి ఉన్నాడు.

"అక్కా, ఇటు రా. ఇది చూడు."

వాడి చెయ్యి దవడ వైపు వెళ్ళిందో లేదో, ఆ కొండంత ఒళ్ళు వణికింది. పులిని చూసిన ఆవు చర్మం అట్లా వణుకుతుంది. దవడ కింద మెత్తటి చోట ఈగలు. ఈగల్ని తోలితే పొడిచిన గాట్లు, చిన్నవి, దగ్గరదగ్గరగా.

"ఏంట్రా ఇది?"

"ముల్లు గుచ్చుకుందన్నాడు బావ."

"ఇన్ని ముళ్ళా?"

సుధన్ తల వంచుకుని మళ్ళీ రుద్దడం మొదలెట్టాడు. వాడికి అనుమానం రాక కాదు. వస్తే బావ మీద రావాలి, అదే వాడికి చేతకాలేదు.

సాయంత్రం మేనోన్ గారి పెరట్లోకి వెళ్ళి పనసచెట్టు వెనక నిలబడ్డాను. మా ఆయన ఒక్కడే ఉన్నాడు ఏనుగుతో. "ఎత్తు రాఘవా" అన్నాడు, దగ్గరికెళ్ళి దవడ కింద నిమిరాడు. అదే నిమరడం, ఊరంతా కళ్ళనీళ్ళతో చూసే నిమరడం. ఏనుగు ఒక్క విసురుతో తల పైకి లేపింది. మళ్ళీ కొంచెం దించింది. మళ్ళీ నిమిరాడు. మళ్ళీ లేపింది.

దీపం పెట్టే వేళకి ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కోడానికి చెంబు అందిస్తున్నట్టు వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. గుప్పెట విప్పలేదు. వేళ్ళు కొరికి విప్పించాను. గొడుగు కమ్మీ ముక్క, కొన రాతి మీద నూరి సూదిలా చేశాడు, మొదలుకి గుడ్డ చుట్టి వేలికి ఉంగరంలా తొడుక్కున్నాడు.

"ఇదేమిటి?"

"అరవకు. సుధన్ వింటాడు."

"వింటే ఏం? కర్ర పట్టని ఆశాన్ గారు కమ్మీ పట్టారని వింటాడు. అంతేగా?"

"కర్ర పట్టలేదు గదా" అన్నాడు.

వెటకారానికి అనలేదు. నిజంగానే అన్నాడు. ఆ ముక్క విన్నాకే నాకు మొదటిసారి భయం వేసింది. లోకానికి అబద్ధం చెప్పేవాణ్ణి నిలదీయొచ్చు. తనకి తాను చెప్పుకునేవాణ్ణి ఏం చేస్తాం?

"ఒక్క పూరం దాక్షాయణీ. ఒక్కటే. తర్వాత దాన్ని రాజులా చూసుకుంటాను."

"అది నిన్నటిదాకా రాజే. మీరే దాన్ని దొంగని చేసి పొడుస్తున్నారు. రేపు తెల్లారేసరికి ఆ ముక్క ఏట్లో పడకపోతే మేనోన్ గారి గుమ్మం ఎక్కుతాను. నా సంగతి తెలుసుగా."

నా సంగతి ఆయనకి బాగా తెలుసు. పొద్దున్నే నన్ను ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి, నా కళ్ళ ముందే దూరంగా విసిరేశాడు. "చాలా? ఇక నీ పొయ్యి సంగతి నువ్వు చూసుకో" అన్నాడు. సుధన్‌కి కూడా చెప్పాను. వాడు రెండు రోజులు పనిలోకి వెళ్ళలేదు, బావ మొహం చూడలేదు. మూడో రోజు పంచె బిగించుకుని బయల్దేరాడు.

"ఎక్కడికిరా? నేను చెప్పింది విన్నావుగా!"

"విన్నాను కాబట్టే వెళ్తున్నానే. దాన్ని ఒంటరిగా బావ చేతిలో వదల్ను."

ఆ మాట నాకు తృప్తిగానే ఉండింది అప్పుడు. కమ్మీ ఏట్లో ఉంది, కాపలాకి తమ్ముడున్నాడు. ఇంకేం కావాలనుకున్నాను. పైగా రోజురోజుకీ రాఘవన్ తల ఎత్తడం చూస్తే ఊరికి ఊరే ముక్కున వేలేసుకుంది. దూరంగా నిలబడి పిలిచినా చాలు, తల ఆకాశానికి లేచేది, దించమనే దాకా దించేది కాదు. మా ఆయన ఇంటికొచ్చి గొప్పలు పోయేవాడు. "చూశావా? కర్ర లేదు, కమ్మీ లేదు. ఉత్త నా మాట." నన్ను దెప్పడానికే అనేవాడు. కానీ తనూ నమ్మాడు. గొంతు వినగానే అది ఎందుకు ఎత్తుతోందో ఒక్కసారైనా ఆలోచించుంటే... ఆలోచిస్తే ఆయన వేలాయుధన్ ఎందుకవుతాడు.

మీనం నెలలో మా పూరం. ఎండ మంటలా ఉంది. చెండల హోరు, బాణాసంచా పొగ, మీద మీద పడే జనం. నేను పూల అంగడి పక్క దిబ్బ మీద నిలబడ్డాను, అక్కణ్ణించి రెండు ఏనుగులూ కనిపిస్తాయి. నుదుటిపట్టాలు ఎండకి మెరుస్తున్నాయి. అంతోణి కార్తికేయన్ దవడ కింద కర్ర పెట్టి రెండు చేతుల్తో ఎత్తుతున్నాడు. అది బాగానే ఎత్తింది, నిజం చెప్పాలి. మా ఆయన కొత్త పంచె కట్టుకుని, చందనం బొట్టు పెట్టుకుని, కర్ర విసిరేశాడు. సుధన్ ఏనుగు వెనక, వెనక కాలి గొలుసు పట్టుకుని ఉన్నాడు. వాడి వెనక రాతి దీపస్తంభం.

"ఎత్తు రాఘవా!"

అట్లా ఎత్తడం నేను ఎన్నడూ చూడలేదు. మెడ నరాలు బిగిసి, తొండం చుట్ట చుట్టుకుపోయి, తల వెనక్కి వాలేంత ఎత్తుకు లేచింది. జనం వెర్రెత్తినట్టు అరిచారు. నేను దాని కాళ్ళు చూశాను. వెనక కాళ్ళు వణుకుతున్నాయి. నిలబడ్డచోటే ఉచ్చ పోసింది. పక్కన ఉన్నామె "ఆనందం పట్టలేక పోయింది పాపం" అంది.

కార్తికేయన్ తల దించింది. ఉత్తర వాడవాళ్ళు ఉమ్ములు ఊశారు, అంతోణి కర్ర నేలకేసి కొట్టాడు. మా వాడ మగాళ్ళు ఒకరి మీద ఒకరు ఎక్కి గంతులేశారు. తిడంబు పట్టుకుని పూజారి రాఘవన్ మీదికెక్కాడు, గొడుగు లేచింది. పద్మనాభన్ నాయర్ అప్పుడే ఏడవడం మొదలెట్టాడు.

మా ఆయన కళ్ళు కూడా నిండాయి. నాకు కనిపించింది. ఎంత పొగరు మనిషైనా ఆ క్షణంలో ఆ ఏనుగు తప్ప ఇంకేం లేదు ఆయన కళ్ళలో. కట్టుకున్న చేతులు విప్పి, అరచెయ్యి పైకి పెట్టి, దవడ నిమరడానికి నడిచాడు. చెయ్యి ఖాళీగా ఉంది. ఎవరడిగినా అదే చెప్తాను, ఖాళీగానే ఉంది.

ఏనుగు ఆ చెయ్యి చూసింది. ఘీంకరించలేదు, తొండం విసరలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. వెనక్కి నడిచింది. అంతే జరిగింది. వెనక్కి నడిచి, దీపస్తంభానికి ఆనుకుని ఆగింది. చెండలు ఇంకా మోగుతున్నాయి. సుధన్ ఏడని నేను జనంలో వెతుకుతున్నాను.

"మదం పట్టింది, మదం!" అని ముందు ఎవరరిచారో తెలియదు. ఆ తర్వాత అందరూ అదే అరిచారు. సాయంత్రానికల్లా పోలీసులు, డాక్టరు, మేనోన్ గారు అందరూ అదే మాట. మత్తు సూది వేసి రాఘవన్‌ని పడగొట్టినంత పని చేసి, లారీలో మేలేడం, అంటే మేనోన్ గారి ఇంటి పెరటికి తోలి, నాలుగు కాళ్ళకీ గొలుసులు వేశారు. ఏనుక్కీ దీపస్తంభానికీ మధ్య నలిగిపోయిన నా తమ్ముణ్ణి కొబ్బరి ఆకుల మీద పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు. శవాన్ని మొయ్యడానికి మా ఆయనా ఓ చెయ్యి వేశాడు. నోరు మాత్రం విప్పలేదు.

దహనమయ్యాక మూడో రోజు నేనే మేనోన్ గారి గుమ్మం ఎక్కాను. కమ్మీ సంగతి, ఏటి సంగతి, గాట్ల సంగతి అన్నీ చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూశారు. "నీ బాధ నాకు తెలుసు దాక్షాయణీ. తోడబుట్టినవాడు. ఎవరో ఒకర్ని తిట్టుకోవాలనిపిస్తుంది. కానీ వేలాయుధన్నా? వేలాయుధన్ ఏనుగుని పొడిచాడంటే చీమలు కూడా నమ్మవు తల్లీ." నన్ను పంపించేసి, వెనకాలే మనిషి చేత బియ్యం, కొబ్బరి నూనె ఇంటికి పంపారు. ఆ బియ్యం కోళ్ళకి పోశాను.

పెళ్ళాం చెప్తే నమ్మరు. మొగుడు చెప్తే నమ్ముతారు. ఇంటికొచ్చి ఆయన్ని పట్టుకున్నాను.

"మీరు చెప్పండి."

"చెప్తే సుధన్ లేచొస్తాడా?"

"రాడు. ఏనుగు బతుకుతుంది. మనిషిని చంపిన ఏనుగుని ఏం చేస్తారో మీకు నేను చెప్పాలా?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే అన్నాడు, "చెప్తే నాకేం మిగుల్తుందే?"

తమ్ముడి చితి ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఆ మాట విన్నాక ఆ మనిషి పక్కన చాప వేసుకోలేదు నేను. వంట చేసి పెట్టాను, తిన్నాడో లేదో చూడలేదు.

మనిషిని చంపిన ఏనుగు దగ్గరికి పాత మావటిని రానివ్వరు. కొత్తవాళ్ళు వస్తారు. దాని పాత పొగరంతా దిగేదాకా, కొత్త గొంతుకి లొంగేదాకా, కట్టేసి కొడతారు. వంతులేసుకుని కొడతారు. అది మా వైపు ఆచారం, తప్పని ఎవరూ అనరు. పాలక్కాడు నుంచి నలుగురు వచ్చారు. మేలేడం పెరటికీ మా ఇంటికీ మధ్య కోసిన పొలాలే, అడ్డేం లేదు. మొదటి రోజు రాఘవన్ కేకలు పొద్దుణ్ణించి పొద్దు గుంకే దాకా వినిపించాయి. మా ఆయన చెవుల్లో గుడ్డలు కుక్కుకున్నాడు. రెండో రోజు తలుపులన్నీ వేసుకున్నాడు. తర్వాత తర్వాత కేకలు తగ్గాయి. దెబ్బల చప్పుడే వచ్చేది. కేకలు తగ్గాక ఆయనకి నిద్ర పట్టడం మానేసింది.

సుధన్ పదహారో రోజు కర్మ అయిన మర్నాడు, ఆయన లేచి మొహం కడుక్కుని చొక్కా వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"చెప్పడానికి."

నేనూ చెప్పులు తొడుక్కున్నాను.

మేలేడం వాకిలి నిండా జనం. మమ్మల్ని చూడగానే దారిచ్చారు. పద్మనాభన్ నాయర్ ఎదురొచ్చి మా ఆయన్ని కౌగిలించుకున్నాడు. "నీకే కబురు పంపుతున్నాం ఆశాన్! నువ్వే వచ్చావు, అమ్మవారి దయ. కమిటీ ఒప్పుకుంది. గెలిచినవాడివి గెలిచినవాడివే. పైగా ఇంత కష్టం వచ్చింది..." వెనక ఒకతను పళ్ళెం పట్టుకుని ఉన్నాడు. పళ్ళెంలో పట్టుగుడ్డ, గుడ్డ మీద కంకణం.

మా ఆయన దాన్ని చూడలేదు. నిజం చెప్పాలిగా, ఆ ఒక్కసారి చూడలేదు.

"రాఘవన్‌కి మదం లేదు" అన్నాడు. "నేనే పొడిచాను. దవడ కింద, కమ్మీతో. నెల పైన పొడిచాను. అది నా చెయ్యి చూసి భయపడి వెనక్కెళ్ళింది. సుధన్ని చంపింది అది కాదు. నేను. దాన్ని కొట్టడం ఆపించండి అయ్యగారూ."

ఇప్పుడైనా అయిపోయిందనుకున్నాను. అప్పుడు పద్మనాభన్ నాయర్ రెండు చేతులూ జోడించాడు.

"విన్నారా! ఏనుగు చేసిన పాపం తన నెత్తిన వేసుకుంటున్నాడు! ఇంతకంటే ప్రేమ ఇంకెక్కడైనా ఉందా?"

"కాదండీ, నిజం..."

"చాలు ఆశాన్, చాలు. మా గుండెలు పగలగొట్టకు."

నేను ముందుకొచ్చాను. "ఆయన చెప్పేది నిజం. కమ్మీ నా చేత్తో లాక్కున్నాను. దవడ కింద గాట్లున్నాయి, వెళ్ళి చూడండి."

మేనోన్ గారు పెరటివైపు చూశారు. కొత్త మావటీల్లో పెద్దవాడు చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "ఒళ్ళంతా పుళ్ళేనమ్మా ఇప్పుడు. ఏది ఎవరిదో మేమైనా ఎట్లా చెప్తాం?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. మొదటి రోజే నోరు విప్పుంటే ఆ గాట్లే సాక్ష్యం చెప్పేవి. దాని ఒంటి మీద ఇప్పుడు గాటు లేని జాగా లేదు.

నాయర్ మా ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాడు. పొడిచిన చెయ్యే. కంకణం తొడుగుతుంటే మా ఆయన చెయ్యి లాక్కోబోయాడు, ఇద్దరు ముగ్గురు పట్టుకుని మరీ తొడిగారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన వాళ్ళని తోసుకుని పెరటి గోడ దగ్గరికి పరుగెత్తాడు. ఏం చేద్దామనో, క్షమాపణ అడుగుదామనో, నాకు తెలియదు. ఏడుస్తూ పేరు పెట్టి పిలిచాడు.

"రాఘవా!"

ఏనుగు అప్పటిదాకా తొండం నేల మీద వాల్చి, నిద్రో మగతో తెలియకుండా ఉంది. ఆ గొంతు వినగానే దాని ఒళ్ళు జలదరించింది. నాలుగు కాళ్ళ గొలుసులూ బిగుసుకున్నాయి. పుళ్ళతో, ఈగలతో, మెల్లగా, వణుకుతూ వణుకుతూ, తల ఎత్తింది. ఇంకా ఎత్తింది. మెడ తెగిపోతుందేమో అన్నంతగా ఎత్తి అట్లాగే నిలబెట్టింది.

వాకిలి మొత్తం ఏడ్చింది. మేనోన్ గారు కూడా పైపంచె కళ్ళకి అద్దుకున్నారు. "ఇంత జరిగినా ఆశాన్ గొంతు మరిచిపోలేదు చూడండి" అంది ఒక ముసలమ్మ. పాలక్కాడు మావటి కూడా కర్ర దించి, దణ్ణం పెట్టాడు.

అది ప్రేమ కాదని తెలిసినవాళ్ళం ఆ జనంలో మేమిద్దరమే. ఆయన నావైపు తిరిగాడు. అన్నేళ్ళ కాపురంలో ఆ మొహం నేను చూడలేదు. ఆ మొహం మీద జాలిపడాలో ఉమ్మెయ్యాలో నాకు ఇవాళ్టికీ తెలియదు.

"ఇంకోసారి పిలవండి ఆశాన్!" అన్నారు వెనక నుంచి ఎవరో. "ఇంకోసారి! పిల్లలు చూడలేదు!"

ఆయన రెండు చేతుల్తో నోరు మూసుకున్నాడు. ఏనుగు తల దించలేదు. దించమని చెప్పడానికి మళ్ళీ ఆ గొంతే కావాలి. ఆయన భుజం పట్టుకుని జనం మధ్యలోంచి ఈడ్చుకుంటూ గేటు దాటించాను. పొలంలో సగం దూరం వచ్చాక మెల్లగా గొలుసులు కదిలిన చప్పుడైంది, తల దించినట్టుంది. అప్పటికి ఆయన అక్కడ ఉన్నాడన్న భయం దానికి తీరింది కాబోలు.